ఆకాశమునకు కాపుదల: అమెరికా అంతరిక్షదళ నిర్మాణము

రేడియోలో వార్తలకు ముందు సమయసూచిక వినిపింపగానే చేతిగడియారము సరిచేసికొను అలవాటు మన యిండ్లలో చిరకాలముగా కలదు. జీలకర్ర బెల్లము పెట్టు క్షణమును రేడియో గంటతో సరిచూచుకొను పురోహితులను నేనెరుగుదును. ఆ కాలము మాకెక్కడనుండి వచ్చుచున్నదని మమ్ము ప్రశ్నించినవారు మాత్రము అరుదు. ఈనాడు జేబులోని ఫోను కూడ కాలము చెప్పుచున్నది, దారి చూపుచున్నది. దానినీ మనము ప్రశ్నింపము.

2016 జనవరి 26వ తేదీన ఈ నమ్మకమునకు చిన్న దెబ్బ తగిలినది. జి.పి.యస్. అనబడు ఉపగ్రహ వ్యవస్థలో, 1990లో ప్రయోగింపబడిన ఒక ముసలి ఉపగ్రహమును ఆనాడు సేవనుండి తొలగించిరి. ఆ సందర్భమున భూమిపైనున్న యంత్రములలోని ఒక లోపమువలన, మిగిలిన ఉపగ్రహములలో కొన్ని చెప్పు కాలములో 13 మైక్రోసెకన్ల తప్పు దొరలినది. మైక్రోసెకను అనగా సెకనులో పది లక్షవ వంతు. ముహూర్తమునకు అది లెక్కలోనికి రాదు. కాని పలు దేశములలో టెలిఫోను సంస్థల యంత్రములు గంటల తరబడి ప్రమాదసూచనలు చేసినవి. బ్రిటనులో బి.బి.సి. వారి డిజిటల్ రేడియో ప్రసారములకు సైతము అంతరాయము కలిగినది. మా వృత్తిలోనివారికి ఆ వార్త కొంచెము గుండెలు గుభిల్లుమనిపించినదనుట అతిశయోక్తి కాదు.

ఆ గడియారములను కాచువారెవరు? అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున ష్రీవర్ అను స్థావరములో గల ఒక చిన్న సైనిక స్క్వాడ్రను. ఆనాడది వైమానికదళములోని భాగము. ఈనాడది అమెరికా అంతరిక్షదళమునకు చెందినది. ప్రపంచములోని కోట్లాది కుటుంబములు తెలిసియో తెలియకయో ప్రతిదినము సేవలందుకొనుచున్న ఈ సేన యెట్లు ఏర్పడినది, దాని అంగములెవ్వి, ఎవరి ఆజ్ఞలో నడచుచున్నది అను విషయములను కొంచెము విచారింతము.

మొదట ఒక భ్రమను తొలగింపవలెను. అంతరిక్షదళమనగానే చంద్రునిపై తుపాకులు ధరించి తిరుగు సైనికులు మన కన్నులయెదుట మెదలుదురు. 2020 జనవరిలో ఈ దళమువారు తమ యూనిఫారమును ప్రదర్శించినప్పుడు, చెట్టుచేమలలో దాగుటకు పనికివచ్చు ఆకుపచ్చ మచ్చల బట్ట అంతరిక్షములో ఎందులకని లోకమంతయు నవ్వినది. వారి సమాధానము సూటిగా ఉన్నది: కొత్త బట్ట తయారుచేయు ఖర్చు మిగిలినది, అంతేకాక మేము పనిచేయునది భూమిమీదనే. నిజమే. ఈ దళములో దాదాపు అందరును గదులలో తెరలముందు కూర్చుండి పనిచేయువారే. అంతరిక్షయాత్ర చేసినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు; వారును నాసా సంస్థకు యెరవుగా పోయినవారు. మైక్ హాప్కిన్స్ అను వ్యోమగామి 2020 డిసెంబరులో అంతర్జాతీయ కేంద్రములో తేలుచుండగనే వైమానికదళము వీడి ఈ దళములో చేరెను. నిక్ హేగ్ 2024 సెప్టెంబరులో ఈ దళ సభ్యునిగా నింగికెగసిన మొదటివాడు.

ఈ దళము 2019 డిసెంబరు 20వ తేదీన పుట్టినది. ఆనాడు అధ్యక్షుడు ట్రంప్ సంతకము చేసిన రక్షణ వ్యయముల చట్టమే దీని జన్మపత్రిక. కాని దీని వంశవృక్షము చాల పాతది. 1954లో బెర్నార్డ్ ష్రీవర్ అను సేనాధిపతి, లాస్ ఏంజలీస్ చెంత ఇంగిల్‌వుడ్ అను ఊరిలో, ఖాళీగానున్న ఒక చర్చి పాఠశాల భవనములో కొద్దిమందితో ఒక కార్యాలయము తెరచెను. ఖండాంతర క్షిపణులు నిర్మించుట వారి పని. సైనిక ఉపగ్రహముల పనికిని అదియే పుట్టినిల్లయ్యెను. 1982లో వైమానికదళములో అంతరిక్షమునకు ప్రత్యేకముగా ఒక కమాండు ఏర్పడినది. 2017లో పార్లమెంటు సభ్యులు మైక్ రోజర్స్, జిమ్ కూపర్ అనువారు, ఒకరు రిపబ్లికను, మరొకరు డెమొక్రాటు, ఇద్దరును కలసి ప్రత్యేకదళము కావలెనని పట్టుపట్టిరి. వైమానికదళమువారు అప్పట్లో వ్యతిరేకించిరి. వేరుపడవలసిన అవసరమేమి? విమానచోదకులే పెద్దలుగా ఉన్న ఇంటిలో ఉపగ్రహములవారికి పదోన్నతులలోను, ధనములోను రెండవ వరుసయే దక్కుచున్నదని వారి వాదము. ఈ వాదములో సత్యము లేకపోలేదని నా అభిప్రాయము. యుద్ధవిమానమా, ఉపగ్రహమా అను ప్రశ్న వచ్చినప్పుడు విమానము నడపినవాడు దేనికి ఓటువేయునో ఊహింపవచ్చును.

అయినను పూర్తిగా వేరుపడలేదు. ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు. అమెరికాలో వైమానికశాఖ అను ఒకే శాఖ క్రింద, ఒకే పౌర కార్యదర్శి క్రింద వైమానికదళము, అంతరిక్షదళము రెండును ఉన్నవి. నౌకాశాఖ క్రింద నౌకాదళము, మెరీన్ దళము కలసి కాపురము చేయుట వారికి అలవాటైన ఏర్పాటే. అంతరిక్షదళమునకు అధిపతియైన నాలుగు నక్షత్రముల జనరల్‌ను అంతరిక్ష కార్యకలాపముల అధిపతి యందురు. మొదటివాడు జాన్ రేమండ్. 2022 నవంబరులో ఛాన్స్ సాల్ట్‌జ్‌మన్ ఆ పదవి స్వీకరించెను. త్రివిధ దళాధిపతుల సంయుక్తమండలిలో అతనికిని సమానముగా పీట వేసిరి.

పొయ్యి వేరైనను ఉమ్మడిగా మిగిలినవి చాల ఉన్నవి. అంతరిక్షదళమునకు సొంత వైద్యులు లేరు, సొంత మతాచార్యులు లేరు. స్థావరములకు కాపలా కాయువారు, రోడ్లు బాగుచేయువారు వైమానికదళమునుండియే వత్తురు. అందువలననే ఈ దళము అమెరికా రక్షణశాఖలోని సేనలన్నిటిలో అతి చిన్నది; యూనిఫారము ధరించినవారు పదివేల ప్రాంతముననే ఉందురు. ధనము మాత్రము చిన్నది కాదు: 2024 సంవత్సరపు పద్దు సుమారు 2,900 కోట్ల డాలర్లు. అందు పెద్ద భాగము జీతములకు గాక పరిశోధనకును, కొనుగోలుకును పోవును.

ఇచ్చట పత్రికలవారు సైతము తరచు పొరబడు ఒక విషయము కలదు. అంతరిక్షదళము వేరు, అంతరిక్ష కమాండు వేరు. మన విందులలో వండువారు వేరు, వడ్డించువారు వేరు. దళము వండును: మనుష్యులను చేర్చుకొని శిక్షణ యిచ్చును, ఉపగ్రహములు కొనును, పటాలములు సిద్ధపరచును. కమాండు వడ్డించును: యుద్ధమునందుగాని శాంతియందుగాని ఆ పటాలములకు పనిచెప్పు అధికారము దానిది. ఆ కమాండులో భూసేన, నౌకాదళము, వైమానికదళములవారును ఉందురు. ఈ కమాండు 1985లో మొదట ఏర్పడి, 2002లో రద్దయి, 2019 ఆగస్టు 29న, అనగా దళముకంటె ముందే, తిరిగి లేచినది. మొదట కొన్ని నెలలు రేమండ్ ఒక్కడే వంటవాడును వడ్డనవాడును. 2020 ఆగస్టులో కమాండు మరొక జనరల్‌కు అప్పగింపబడినది.

ఈ కమాండు ముఖ్యకార్యాలయము ఎచ్చట ఉండవలెనను ప్రశ్నపై జరిగిన తాడులాట చూచినచో, రాజధానుల తగవులు మనకు మాత్రమే సొంతము కావని తోచును. 2021 జనవరిలో అలబామా రాష్ట్రములోని హంట్స్‌విల్ అనిరి. 2023 జూలైలో అధ్యక్షుడు బైడెన్ కాదు, కొలరాడోలోనే ఉండవలెననెను. 2025 సెప్టెంబరులో ట్రంప్ తిరిగి హంట్స్‌విల్ అనెను.

ఇక దళము లోపలి నిర్మాణము. వైమానికదళములో జనరల్ ఆజ్ఞ కడపటి సైనికుని చేరుటకు అనేక మెట్లు దిగవలెను. అంతరిక్షదళము మూడే మెట్లు ఉంచుకొన్నది. పైన క్షేత్రకమాండు, నడుమ డెల్టా, క్రింద స్క్వాడ్రను. డెల్టా యనునది గ్రీకు అక్షరము. ఈ దళ చిహ్నములోని త్రికోణాకృతి అదే. డెల్టాకు సాధారణముగా కర్నల్, స్క్వాడ్రనుకు లెఫ్టినెంట్ కర్నల్ నాయకులు. క్షేత్రకమాండులు మూడు స్థాపింపబడినవి. 2020 అక్టోబరులో ఏర్పడిన మొదటిదానికి ఉపగ్రహములను, రాడార్లను నిత్యము నడపు పని. 2021 ఆగస్టులో ఏర్పడిన రెండవదానికి కొనుగోలును, ప్రయోగమును. అదే నెలలో వెలసిన మూడవదానికి శిక్షణ. ఇంగిల్‌వుడ్ పాఠశాలలో ష్రీవర్ ప్రారంభించిన కార్యాలయమునకు నేటి వారసురాలు ఈ రెండవ కమాండే. ఫ్లోరిడాలోని కేప్ కెనవరల్, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ ప్రయోగక్షేత్రములు దాని చేతిలోనివి. రాకెట్లను మాత్రము అది చేయదు. స్పేస్ ఎక్స్ వంటి ప్రైవేటు సంస్థలనుండి ప్రయాణము కొనుక్కొనును.

డెల్టాలకు పేర్లు లేవు, అంకెలు ఉన్నవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని. అన్నిటిని ఏకరువు పెట్టి మిమ్ము విసిగింపను. రెండు మూడింటి పని చూచినచో తక్కినవాటి తీరు బోధపడును.

నాలుగవ డెల్టా పని క్షిపణుల రాకను ముందుగా కనిపెట్టుట. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహములు రాకెట్టు మంటయొక్క వేడిమిని పరారుణ కిరణములద్వారా పసికట్టును. 2020 జనవరి 8వ తేదీన ఇరాన్ దేశము, ఇరాక్‌లో అమెరికా సైనికులున్న అల్ అసద్ స్థావరముపై పదికి పైగా క్షిపణులను విడిచినది. అప్పటికి అంతరిక్షదళము పందొమ్మిది దినముల పసిబిడ్డ, డెల్టాలింకను పుట్టనేలేదు. కాని తరువాత ఈ డెల్టాలో చేరిన స్క్వాడ్రను కొలరాడోలోని బక్లీ స్థావరములో మెలకువగనే ఉన్నది. క్షిపణులు లేచిన వెంటనే హెచ్చరిక పోయినది. సైనికులు కందకములలోను, గోడలచాటునను తలదాచుకొనుటకు కొన్ని నిమిషములు దొరికినవి. ఒక్కరును మరణింపలేదు. నూరుమందికి పైగా మెదడుకు దెబ్బతగిలినట్లు పిమ్మట తేలినది. కనుక ఎవరికిని ఏమియు కాలేదనుట సరికాదు. కాని ఆ నిమిషములే లేకున్నచో ఏమై యుండెడిదో చెప్పనక్కరలేదు.

రెండవ డెల్టా పని నాకు అన్నిటికంటె ఆసక్తికరముగా కనుపించును. అది ఆకాశమునకు పటేలు పట్వారీ పని. ఎవరి వస్తువు ఎచ్చట తిరుగుచున్నదో చిట్టా వ్రాయుట. వాండెన్‌బర్గ్‌లోని 18వ అంతరిక్షరక్షణ స్క్వాడ్రను, రాడార్లు దూరదర్శినులు పంపు వివరములతో నలుబది వేలకు పైబడిన వస్తువుల గమనమును గణించుచున్నది. వీనిలో పనిచేయు ఉపగ్రహములు కొన్ని. తక్కినవి చచ్చిన ఉపగ్రహములు, రాకెట్టు తొడుగులు, ముక్కలు. అరచేతిలో ఇముడు ముక్కయైనను సెకనునకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగముతో వచ్చినచో ఉపగ్రహమును తుత్తునియలు చేయగలదు. 2007 జనవరిలో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహమునొకదానిని క్షిపణితో పేల్చినప్పుడు, చిట్టాకెక్కదగిన ముక్కలే మూడువేలకు పైగా పుట్టినవి; సుమారు 860 కిలోమీటర్ల ఎత్తున జరిగిన పని గనుక వానిలో అనేకము ఇంకను తిరుగుచున్నవి. 2009 ఫిబ్రవరి 10న సైబీరియాపై పనిచేయుచున్న ఇరిడియమ్ ఉపగ్రహమును, చచ్చిపడియున్న రష్యా కాస్మోస్ ఉపగ్రహము ఢీకొన్నది. రెండు చిట్టాలో ఉన్నవే; కాని ఆ జంటను గూర్చి లెక్కచూచి హెచ్చరించినవారు లేరు. ఆ తరువాతనే పనిచేయు ఉపగ్రహములన్నిటికి, ఏ దేశమువైనను సరే, ఢీకొను ప్రమాదమున్నచో ముందుగా తెలుపు ఏర్పాటు విస్తరించినది. చిట్టాలో అధికభాగము అందరికిని ఉచితము. సైన్యము చేయు ఈ పౌరసేవను వాణిజ్యశాఖకు అప్పగింపవలెనని 2018లో అమెరికా నిర్ణయించినది. ఆ అప్పగింత చాల మెల్లగా నడచినది.

తొమ్మిదవ డెల్టా ఉపగ్రహములను కక్ష్యలోనే కాపాడుటకును, అవసరమైనచో పోరుటకును ఏర్పడినది. మనుష్యుడు లేకనే ఎగిరి, విమానమువలె తిరిగి దిగు ఎక్స్-37 అను చిన్న నౌక దాని చేతిలోనిది. ఆ నౌక ఒక యాత్రలో 908 దినములు పైననే ఉండి 2022 నవంబరులో దిగినది. ఏమి చేసివచ్చినదో వారు పూర్తిగా చెప్పరు.

ఇక మన గడియారములు. జి.పి.యస్. ఉపగ్రహములు సుమారు ముప్పది, భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున, దినమునకు రెండుమారులు ప్రదక్షిణము చేయుచున్నవి. ఒక్కొక్కదానిలో పరమాణు గడియారములు ఉన్నవి. ప్రతి ఉపగ్రహము చేయునది ఒక్కటే: రేడియో కేంద్రమువలె తన కాలమును, తన స్థానమును నిరంతరము ప్రసారము చేయుట. మన ఫోను నాలుగు ఉపగ్రహముల ప్రసారములు వినినచో, ఏది ఎంత ఆలస్యముగా వచ్చినదో లెక్కించి తానెచ్చటనున్నదో తెలిసికొనును. రేడియోతరంగము మైక్రోసెకనులో 300 మీటర్లు పోవును గనుక, గడియారము మైక్రోసెకను తప్పినచో మన వీధి మరొక వీధి యగును. 1983లో సోవియట్ సేనలు దారితప్పిన దక్షిణకొరియా విమానమును కూల్చగా 269 మంది మరణించిరి. ఆ పిమ్మటనే అధ్యక్షుడు రీగన్ ఈ సేవను లోకమునకు ఉచితముగా ఇత్తుమని ప్రకటించెను. బుద్ధిపూర్వకముగా పౌరులకు కొంత తప్పుగా చూపు పద్ధతిని 2000 మే నెలలో మానిరి. యజమాని ఇచ్చినంతకాలము ఉచితమే. ఈ సంగతి మరువకయే భారతదేశము 2013 జూలై నుండి తన సొంత దిక్సూచి ఉపగ్రహములను శ్రీహరికోటనుండి పంపుట ప్రారంభించినది.

ఈ గడియారముల పాలనలో ఒక చిక్కుండెడిది. ఉపగ్రహమును నడపు సిబ్బంది ఒక క్షేత్రకమాండు క్రింద, దాని యంత్రములను బాగుచేయువారు మరొక కమాండు క్రింద. బండి తోలువాడు ఇరుసు విరిగినదని చెప్పుటకు రెండు కచేరీలు తిరుగవలసి వచ్చినట్లు. 2023లో ఈ ఇరువురిని ఒకే నాయకుని క్రింద చేర్చి 31వ డెల్టాను ఏర్పరచిరి. ఫలితము బాగున్నదని తలచి ఆ పద్ధతినే ఇతర డెల్టాలకును విస్తరింపజొచ్చిరి. సంస్కరణ యనిన పెద్దమాట, కాని ఇట్టి చిన్న కుదుపులోనే దాని సారమున్నది.

సిబ్బంది విషయమునను కొన్ని వింతలు గలవు. సభ్యులను గార్డియన్లు, అనగా కాపరులు, అందురు. పదవులకు నౌకాదళపు పేర్లు పెట్టవలెనని 2020లో పార్లమెంటు దిగువసభలో ఒక ప్రతిపాదన సాగినది. స్టార్ ట్రెక్ ధారావాహికలో నౌకానాయకుడుగా నటించిన విలియమ్ షాట్నర్ సైతము పత్రికలో వ్యాసము వ్రాసి బలపరచెను. నెగ్గలేదు, అధికారులకు వైమానికదళపు పదవులే నిలచినవి, సామాన్య సైనికులకు మాత్రము స్పెషలిస్టు అను క్రొత్త పేరు వచ్చినది. 2023 చివర చేసిన చట్టము ప్రకారము, రిజర్వుదళమని వేరుగా లేక, పూర్తికాలము పనిచేయువారు, కొంతకాలము పనిచేయువారు ఒకే దళములో ఉండవచ్చును. కాని రాష్ట్రముల గార్డుదళములలో ముందునుండి అంతరిక్షపు పని చేయుచున్నవారి మాట తేలలేదు. వారిని కేంద్రము తీసికొనవచ్చునని 2024 డిసెంబరులో చట్టము వచ్చునప్పటికి, మా సమ్మతి లేక మా దళములో చేయిపెట్టుట కూడదని పలువురు గవర్నర్లు తగవులాడియుండిరి. కేంద్రరాష్ట్రముల సంబంధములు ఆకాశమువరకు ప్రాకినవన్నమాట.

అమెరికాది మొదటి అంతరిక్షదళమని కొందరు వ్రాయుదురు, అది సరికాదు. రష్యా 1992లోనే ప్రత్యేకదళము నెలకొల్పి, కలిపి, విడదీసి, చివరకు 2015లో వైమానికదళముతో చేర్చివేసినది. చైనా 2015 చివర ఏర్పరచిన వ్యూహసహాయక దళమును 2024 ఏప్రిల్‌లో రద్దుచేసి, అంతరిక్షమునకు విడిగా ఒక దళము ఏర్పరచినది. మనదేశమున ప్రత్యేకసేన లేదు. త్రివిధదళముల ఉమ్మడి రక్షణ అంతరిక్షసంస్థ 2019లో బెంగుళూరున ఏర్పడినది. ఆ సంవత్సరమే మార్చి 27న మనవారు తమ ఉపగ్రహమునొకదానిని క్షిపణితో కూల్చిచూచిరి. ఆ ఉపగ్రహము రెండు నెలలకు ముందు శ్రీహరికోటనుండి లేచినదే. క్షిపణి నిర్మించిన రక్షణపరిశోధన సంస్థకు అప్పటి అధ్యక్షుడు నెల్లూరు జిల్లావాసి సతీశ్ రెడ్డి. సుమారు 300 కిలోమీటర్ల తక్కువ ఎత్తున జరిపిన ప్రయోగము గనుక ముక్కలలో చాల భాగము కొద్ది నెలలలో రాలి కాలిపోయినవి. అయినను ఆ ముక్కలు కూడ కొంతకాలము వాండెన్‌బర్గ్ చిట్టాకెక్కినవి.

ఆ చిట్టా నిత్యావసరమని శ్రీహరికోటవారికి బాగుగ తెలియును. రాకెట్టు లేచుటకు ముందు, దాని దారిలో ఏ వస్తువు అడ్డువచ్చునో మన ఇస్రోవారు తామే గణింతురు. అట్టి గణనములకు అమెరికా చిట్టాయు ఆధారములలో ఒకటి. 2023 జూలై 30 ఉదయము 6 గంటల 30 నిమిషములకు లేవవలసిన పి.యస్.యల్.వి. రాకెట్టును, ఒక శకలము దగ్గరగా వచ్చునని తేలి, ఒక నిమిషము ఆపి 6 గంటల 31 నిమిషములకు వదలిరి. దానికి పదునారు దినములకు ముందు చంద్రయానము-3 కూడ ఈ కారణముననే ఆలస్యముగా లేచినది, నాలుగు సెకన్లు.